పనికి రానివాళ్ళ చరిత్ర

తెలుగులో ‘పనికిరాని’ అనే మాటను కలిపి రాస్తే ఒక అర్థం, విడదీసి రాస్తే ఇంకో అర్థం. కలిపితే ఎందుకూ కొరగానివాడు. విడదీస్తే ఆ పూట పనిలోకి రానివాడు. ఫ్యాక్టరీలు పుట్టిన దగ్గర్నుంచీ యజమానులకు ఈ రెండు మాటల మధ్య ఉన్న ఖాళీ కనబడినట్టు లేదు. రాలేదంటే కొరగానివాడే అని చాలాకాలం వాళ్ళ లెక్క.

మనకైతే ఈ రాకపోవడానికి బోలెడు మాటలున్నాయి. బడికి వెళ్ళకపోతే డుమ్మా. కూలికో, ఇంటి పనికో రాకపోతే నాగా. ప్రభుత్వ కాగితాల్లో గైర్హాజరు. సింగరేణి క్వార్టర్లలో పెరిగినవాళ్ళని అడగండి, ‘ఈ నెల నాన్నకి ఎన్ని మస్టర్లు పడ్డాయి’ అన్నది ఇంటిల్లిపాదికీ సంబంధించిన ప్రశ్న. 1952 నాటి గనుల చట్టం ప్రకారం భూగర్భంలో పనిచేసేవాడికి ఏడాదిలో 190 హాజర్లు, పైన పనిచేసేవాడికి 240 హాజర్లు ఉంటేనే జీతంతో కూడిన వార్షిక సెలవు లెక్కలోకి వచ్చేది. కిందికి దిగేవాడికి యాభై రోజుల తగ్గింపు ఇచ్చారంటే, మనిషి రోజూ ఆ చీకట్లోకి దిగలేడన్న సంగతి చట్టం రాసినవాళ్ళకి తెలుసన్న మాట.

నేను సాఫ్ట్‌వేర్ మనిషిని. మా రంగంలో ‘ఉద్యోగులు సంతోషంగా ఉంటే సెలవులు తక్కువ పెడతారు’ అన్నది దాదాపు వేదవాక్యం. దానికోసం పిజ్జాలు, పింగ్‌పాంగ్ బల్లలు, ఏడాదికోసారి ‘మీరు ఎంత ఉత్సాహంగా ఉన్నారు, ఒకటి నుంచి అయిదు లోపు చెప్పండి’ అనే సర్వేలు. ఈ ఆలోచన ఎప్పుడు పుట్టింది, మొదట ఎవరికి తట్టింది అని తవ్వుకుంటూ పోతే, నేను వారానికి రెండుసార్లు 880 ఫ్రీవే మీద దాటిపోయే ఒక ఫ్యాక్టరీ దగ్గర తేలాను. అక్కడికి చేరేలోపు కొంచెం వెనక్కి వెళ్ళాలి.

పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల్లో ఇంగ్లండులో ‘సెయింట్ మండే’ అని ఒక పండగ ఉండేది. ఏ చర్చీ దాన్ని గుర్తించలేదు, ఆ పేరుతో ఏ మహాత్ముడూ లేడు. నేతగాళ్ళు, చెప్పులు కుట్టేవాళ్ళు, కత్తులు చేసేవాళ్ళు సోమవారం పనిలోకి వచ్చేవాళ్ళు కాదు, అంతే. శనివారం చేతికి డబ్బొచ్చేది, ఆదివారం తాగేవాళ్ళు, సోమవారం ఆ సోమరి మహాత్ముడి పూజ. మంగళవారం మెల్లగా మొదలుపెట్టి, గురు శుక్రవారాల్లో రాత్రింబవళ్ళు చేసి వారం పని ముగించేవాళ్ళు. చేసిన వస్తువుకి కూలి కాబట్టి ఎప్పుడు చేశారన్నది వాళ్ళ ఇష్టం. ఫ్రాన్సులోనూ ఇదే ఆచారం, అక్కడ దాని పేరు సెయింట్ లండీ.

బెంజమిన్ ఫ్రాంక్లిన్ కుర్రతనంలో, 1724 నుంచి 1726 దాకా, లండన్ అచ్చాఫీసుల్లో పనిచేశాడు. తోటివాళ్ళు బీరు తాగుతుంటే తను నీళ్ళు తాగేవాడు. తానెప్పుడూ సెయింట్ మండే జరుపుకోలేదనీ, అందువల్ల యజమాని దగ్గర మంచి పేరు వచ్చిందనీ, ఎక్కువ డబ్బులొచ్చే అర్జెంటు పనులు తనకి ఇచ్చేవాడనీ ఆత్మకథలో గర్వంగా రాసుకున్నాడు. వలస వచ్చినవాడు సెలవు పెట్టకుండా పనిచేసి పేరు తెచ్చుకోవడం అన్న కథలో బహుశా మనకి తెలిసిన మొదటి పెద్దమనిషి ఆయనే. మనలో చాలామందికి ఆ కథ కొత్తగా ఏమీ అనిపించదు.

1769లో ఎట్రూరియా అనే పింగాణీ కార్ఖానా తెరిచిన జొసయ్యా వెడ్జ్‌వుడ్ గంట మోగించి, వేళకు ఎవరు వచ్చారో ఎవరు రాలేదో రాయించేవాడు. అయినా చుట్టుపక్కల ఊళ్ళలో జాతరలు వచ్చాయంటే కార్ఖానా ఖాళీ. పనిమానేస్తే ఊరుకోనని ముందే హెచ్చరించినా వెళ్ళిపోయారని స్నేహితుడికి రాసిన ఉత్తరాల్లో మొత్తుకున్నాడు. జాతరకి వెళ్ళనివాడు ఊళ్ళో తలెత్తుకోలేడన్న సంగతి మనకి చెప్పక్కర్లేదు. చివరికి సెయింట్ మండేని దెబ్బ కొట్టింది జరిమానాలు కాదంటారు చరిత్రకారులు. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో యజమానులు శనివారం మధ్యాహ్నం సెలవు ఇవ్వడం మొదలుపెట్టారు. మాకు ఖాయంగా శనివారం సగం రోజు ఇస్తే సోమవారం వదిలేస్తాం అన్న బేరం అది. మనం ఇవాళ వీకెండ్ అని పిలుచుకునేదాని మొదళ్ళు ఆ బేరంలో ఉన్నాయి.

ఇక అమెరికా. డెట్రాయిట్ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో ఎన్నిటికో అన్నం పెట్టిన కార్ల పరిశ్రమ అసలు సమస్యను ఎదుర్కొన్నది 1913లో, వుడ్‌వర్డ్ ఎవెన్యూ మీద హైలాండ్ పార్క్ అనే ఫ్యాక్టరీలో. ఆ ఏడాది హెన్రీ ఫోర్డ్ కదిలే అసెంబ్లీ లైను పెట్టాడు. అంతకుముందు ఒక ఛాసీ బిగించడానికి పన్నెండున్నర గంటలు పట్టేది, మరుసటేడాదికి 93 నిమిషాలకి దిగింది. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి కాబట్టి ఆ అంకె చూస్తే నాకూ ఒళ్ళు పులకరిస్తుంది. అయితే దాని పక్కనే ఇంకో అంకె ఉంది. ఆ ఏడాది ఫ్యాక్టరీలో మనుషులు మారిన రేటు 370 శాతం. పద్నాలుగు వేల మందిని నిలబెట్టుకోవడానికి 52 వేల మందిని పనిలోకి తీసుకోవాల్సి వచ్చింది. ఏ రోజు చూసినా వందకి పదిమంది రారు. అంటే పొద్దున్నే గేటు తీసేసరికి పదమూడు, పద్నాలుగు వందల చోట్లు ఖాళీ.

నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించిన వివరం ఇది. 1913 మార్చి నెలలో 7,300 మంది వెళ్ళిపోయారు. వాళ్ళలో కంపెనీ తీసేసినవాళ్ళు 18 శాతం. నేను మానేస్తున్నానని చెప్పి వెళ్ళినవాళ్ళు 11 శాతం. మిగిలిన 71 శాతం మంది ఏమీ చెప్పలేదు. మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. వరసగా అయిదు రోజులు రాకపోతే మానేసినట్టే లెక్క వేసి పుస్తకంలోంచి పేరు కొట్టేసేవాళ్ళు. రాజీనామా లేదు, గొడవ లేదు, జెండా లేదు. ఒకే నట్టుని రోజంతా బిగించడం తమవల్ల కాదని అయిదు వేల మంది ఒక నెలలో చెప్పిన తీరు అది.

ఫోర్డ్ దగ్గర జాన్ లీ అనే అధికారి ఉండేవాడు. అతను 1913 అక్టోబరులో కొన్ని మార్పులు చేశాడు. జీతాలు పదమూడు శాతం పెంచాడు, ఫోర్‌మన్‌కి కోపం వస్తే మనిషిని అక్కడికక్కడే తీసేసే అధికారం తొలగించాడు. అవి చాలలేదు. 1914 జనవరి 5, సోమవారం నాడు కంపెనీ ప్రకటించింది: రోజుకి అయిదు డాలర్లు, పని ఎనిమిది గంటలు. అప్పటిదాకా తొమ్మిది గంటలకి 2 డాలర్ల 34 సెంట్లు. దేశం దేశమంతా నివ్వెరపోయింది. వారం తిరిగేసరికి గేటు ముందు వేలమంది. గడ్డకట్టే చలిలో తోపులాట మొదలైతే, నిప్పు ఆర్పే గొట్టాలతో వాళ్ళ మీద నీళ్ళు కొట్టారు.

మంత్రం పనిచేసిందా అంటే చేసింది. మనుషులు మారే రేటు 1914లో 54 శాతానికి, 1915లో 16 శాతానికి పడిపోయింది. రోజువారీ గైర్హాజరు కూడా దాదాపు మాయమైపోయింది. ఇంతవరకే చెప్పి ఊరుకుంటే ఫోర్డ్ దేవుడు. మేనేజిమెంటు క్లాసుల్లో ఇంతవరకే చెబుతారు కూడా.

చెప్పనిది ఏమిటంటే, ఆ అయిదు డాలర్లలో సగానికి పైన జీతం కాదు, ‘లాభంలో వాటా’. అది రావాలంటే కార్మికుడు యోగ్యుడని తేలాలి. తేల్చడానికి సోషియలాజికల్ డిపార్ట్‌మెంట్ అని ఒకటి పెట్టారు. దానికి మొదట లీ, తర్వాత శామ్యూల్ మార్క్విస్ అనే చర్చి డీన్ అధిపతులు. వాళ్ళ మనుషులు ఇంటికి వచ్చేవాళ్ళు. తాగుతావా, డబ్బు దాస్తున్నావా, పెళ్ళయిందా, ఇంట్లో అద్దెకి ఎంతమంది ఉంటున్నారు, పక్కలు శుభ్రంగా ఉన్నాయా. పక్కింటివాళ్ళని కూడా అడిగేవాళ్ళు. మొదట్లో ఆడవాళ్ళకి ఈ వాటా లేదు. ఇరవై రెండేళ్ళలోపు కుర్రాళ్ళకి, తమ మీద ఆధారపడ్డవాళ్ళు ఉంటే తప్ప, లేదు. ఒక ఇంట్లో పదిమంది బ్రహ్మచారులు సర్దుకుని, వంతులవారీగా వండుకుని, మిగిల్చిన డబ్బు ఊరికి పంపే పద్ధతి ఆ అధికారులకి పరమ అసహ్యం. మన కుర్రాళ్ళు ఇక్కడికొచ్చిన కొత్తలో ఉన్న అపార్ట్‌మెంట్లను వాళ్ళు చూసి ఉంటే ఒక్కడికీ అయిదు డాలర్లు దక్కేవి కావు.

1914లో కంపెనీ లెక్క తీస్తే కార్మికుల్లో 71 శాతం విదేశాల్లో పుట్టినవాళ్ళు, ఇరవై రెండు జాతుల వాళ్ళు. అయిదు డాలర్ల ప్రకటన అయిన కొద్ది రోజులకే, అదే జనవరిలో, ఎనిమిది తొమ్మిది వందల మంది గ్రీకులు, రష్యన్లు ఒకరోజు పనిలోకి రాలేదు. కారణం క్రిస్మస్. వాళ్ళ ఆర్థడాక్స్ చర్చిది పాత పంచాంగం, పదమూడు రోజులు వెనక ఉంటుంది. కంపెనీ ఆ అందర్నీ తీసేసింది. అమెరికాలో ఇల్లు కట్టుకోదలుచుకున్నవాడు అమెరికా సెలవులే పాటించాలని కారణం చెప్పింది.

ఇక్కడ చదవడం ఆపి కాసేపు కూర్చున్నాను. మన సంక్రాంతి సరిగ్గా ఆ తర్వాత వారానికి వస్తుంది. ఉగాది ఏ మంగళవారమో పడితే మనం ఏం చేస్తాం? పొద్దున్నే పచ్చడి నోట్లో వేసుకుని కారెక్కుతాం, పిల్లల్ని స్కూల్లో దింపుతాం, పండగని శనివారానికి మార్చి అసోసియేషన్ వాళ్ళు అద్దెకి తీసుకున్న హైస్కూలు ఆడిటోరియంలో చేసుకుంటాం. ఎవరూ మనల్ని తీసేస్తామని బెదిరించలేదు. మనంతట మనమే ఆ ఏర్పాటు చేసుకున్నాం. ఇవాళ చాలా కంపెనీలు మనకి నచ్చిన రోజు వాడుకోమని ఒకటో రెండో ‘ఫ్లోటింగ్ హాలిడే’లు ఇస్తున్నాయి. అది చిన్న విషయంలా కనబడుతుంది గానీ, 1914 నాటి ఆ ఎనిమిది తొమ్మిది వందల మందికి దాని విలువ తెలిసి ఉండేది.

ఫోర్డ్ కంపెనీ ఇంగ్లీషు బడి కూడా పెట్టింది. పట్టా ఇచ్చే రోజున వేదిక మీద ఒక పెద్ద బాన పెట్టేవాళ్ళు. కార్మికులు తమ తమ దేశాల దుస్తుల్లో ఒకవైపు నుంచి అందులోకి దిగి, రెండోవైపు నుంచి అమెరికన్ సూట్లలో జెండాలు ఊపుకుంటూ బయటికి వచ్చేవాళ్ళు. కథ కాదు, నిజంగానే అలా చేశారు. 1921 నాటికి మార్క్విస్ విసుగెత్తి రాజీనామా చేశాడు. ఆ తర్వాతి కాలంలో కంపెనీలో క్రమశిక్షణ హ్యారీ బెనెట్ అనే మనిషి చేతుల్లోకి, అతని వస్తాదుల చేతుల్లోకి పోయింది. ధరలు పెరిగిపోవడంతో అయిదు డాలర్లు పాతబడిపోయాయి, 1919లో ఆరు చేశారు. అప్పటికి గమ్మత్తు పోయింది.

డబ్బుతో కాకుండా మనసుతో పని జరిపించవచ్చని చెప్పినవాడు ఎల్టన్ మేయో అనే ఆస్ట్రేలియన్. 1923లో ఫిలడెల్ఫియాలో ఒక నూలు మిల్లు ఆయన్ని పిలిచింది. మిగతా విభాగాల్లో ఏడాదికి అయిదారు శాతం మంది మారితే, నూలు వడికే విభాగంలో 250 శాతం. కారణం ఏమిటంటే, ఆ కార్మికులు రోజంతా పొడవాటి సందుల్లో అటూ ఇటూ నడుస్తూ తెగిన దారాలు అతకాలి. కాళ్ళు పీకేస్తాయి, ఒంటరితనం, మాట్లాడేవాడు లేడు. మేయో మధ్యమధ్యలో పడుకుని విశ్రాంతి తీసుకునే విరామాలు పెట్టించాడు. మనుషులు నిలబడ్డారు, ఎన్నడూ రాని బోనస్ వచ్చింది. ఈలోగా ఆర్డర్లు ఎక్కువయ్యాయని సూపర్‌వైజర్లు విరామాలు ఎత్తేశారు. కొద్ది రోజుల్లోనే పని పడిపోయింది, మళ్ళీ నాగాలు. మిల్లు అధ్యక్షుడు, ఒకప్పటి సైనిక కల్నల్, స్వయంగా కల్పించుకుని విరామాలు తిరిగి పెట్టించాడు. ఎవరు ఎప్పుడు విశ్రమించాలో కార్మికులే ముగ్గురేసి చొప్పున తేల్చుకోమన్నాడు. నా దృష్టిలో ఈ చివరి సంగతే అసలైనది. మేయో మాత్రం దానికన్నా అలసట, దిగులు, పగటి కలలు లాంటి వాటి మీదే ఎక్కువ రాశాడు.

షికాగో పక్కన సిసెరోలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ వాళ్ళ హాథోర్న్ ఫ్యాక్టరీ కథ మీలో చాలామంది ఎంబీయే పాఠాల్లో చదివే ఉంటారు. 1924లో దీపాల వెలుతురుతో మొదలై, 1927లో అయిదుగురు అమ్మాయిలను ఒక గదిలో కూర్చోబెట్టి టెలిఫోన్ రిలేలు బిగించమన్నారు. విరామాలు పెంచారు, తగ్గించారు, చిరుతిండి పెట్టారు, పనిగంటలు మార్చారు. ఏం చేసినా పని పెరిగింది, నాగాలు తగ్గాయి. పట్టించుకునేవాళ్ళు ఉంటే మనిషి బాగా చేస్తాడని తీర్మానించారు. మరీ ఎక్కువ మాట్లాడుతున్నారనీ, సహకరించడం లేదనీ ఆ అయిదుగురిలో ఇద్దరిని 1928 జనవరిలో మార్చేశారన్న సంగతి మాత్రం పాఠాల్లో తక్కువగా వస్తుంది. ఆ గదిలో వాళ్ళ కూలి లెక్క కూడా మారింది. అంతకుముందు పెద్ద గుంపు పనితో ముడిపడి ఉన్న డబ్బు ఇప్పుడు అయిదుగురి పనితోనే ముడిపడింది. 1967లో అలెక్స్ కేరీ అనే ఆయన ఈ లోపాలన్నీ ఏకరువు పెట్టి దుమ్ము దులిపాడు. అయినా ఆ ప్రయోగం పేరు చెప్పి ఇప్పటికీ ఆఫీసుల్లో పిజ్జాలు తెప్పిస్తూనే ఉన్నారు.

హాథోర్న్ కన్నా నాకు నచ్చిన కథ రెండో ప్రపంచ యుద్ధం నాటిది. ఓరెగన్‌లోని పోర్ట్‌లాండ్‌లో కైజర్ ఓడల కార్ఖానాలు. మగవాళ్ళు యుద్ధానికి వెళ్తే వేలమంది ఆడవాళ్ళు వెల్డింగు పనిలోకి వచ్చారు. నాగాలు ఎక్కువైతే అప్పట్లో వాడుకలో ఉన్న మందు ఒకటే, దేశభక్తి పోస్టర్లు. ‘నువ్వు రాని రోజు శత్రువుకి లాభం’ అన్న ధోరణిలో. పిల్లవాడికి జ్వరం వచ్చిన తల్లికి ఆ పోస్టరు ఏం చెబుతుంది? 1943 నవంబరులో కైజర్ వాళ్ళు కార్ఖానా గేట్ల దగ్గరే రెండు శిశు కేంద్రాలు తెరిచారు. ఏడాదిన్నర నుంచి ఆరేళ్ళ లోపు పిల్లల కోసం, ఇరవై నాలుగు గంటలూ. రాత్రి షిఫ్టుకి వచ్చే తల్లి పిల్లని అక్కడ నిద్రపుచ్చి వెళ్ళవచ్చు. ఒంట్లో కొంచెం నలతగా ఉన్న పిల్లలకి విడిగా గది, నర్సు. షిఫ్టు దిగేటప్పుడు ఇంటికి పట్టుకెళ్ళడానికి వండిన భోజనం కూడా అమ్మేవాళ్ళు. ఇందులో మోటివేషన్ అన్న మాట ఎక్కడా లేదు. అక్కడికి రావాలని ఆవిడకి ముందే ఉంది. రానివ్వకుండా ఆపుతున్నది ఏమిటని ఎవరో అడిగారు, అంతే. దాదాపు నాలుగు వేల మంది పిల్లలు ఆ కేంద్రాల్లో గడిపారు. 1945లో యుద్ధం అయిపోయింది, మగవాళ్ళు తిరిగొచ్చారు, కేంద్రాలు మూసేశారు. ఇవాళ ఇక్కడ డేకేర్‌కి నెలకి కట్టే డబ్బు తలుచుకుంటే, ఎనభై ఏళ్ళ కిందట దారి దొరికి కూడా పోగొట్టుకున్నారనిపిస్తుంది.

మన దేశంలో ఈ ప్రశ్న వేరే రకంగా వచ్చింది. బొంబాయి మిల్లుల్లో పనిచేసిన తెలుగు పద్మశాలీలతో సహా కార్మికులందరికీ ఒక కాలు ఊళ్ళో ఉండేది. కోతలకి, పెళ్ళిళ్ళకి, చావులకి వెళ్ళాల్సిందే. యజమానులు దానికి కనిపెట్టిన ఉపాయం బద్లీ. పొద్దున్నే మిల్లు గేటు దగ్గర నిలబడితే, ఆ రోజు రానివాడి చోటు దొరికినవాడికి పని, దొరకనివాడికి తిరుగుముఖం. ఒకడి నాగా ఇంకొకడి కూలి. అలా బద్లీలుగానే ఏళ్ళకేళ్ళు గడిపేసినవాళ్ళున్నారు. 1931లో నివేదిక ఇచ్చిన విట్లీ కమిషన్, ఊరితో ఉన్న ఈ బంధాన్ని తెంపడానికి చూడవద్దనీ, కార్మికుడికి అది ఆసరా అనీ, సెలవిచ్చి పంపి తిరిగి రానిచ్చే పద్ధతి పెట్టమనీ చెప్పింది. పట్నం అతన్ని పిలిచి తెచ్చుకోలేదు, ఊరు బతకనివ్వక తోసింది అని కూడా రాసింది. పేరుకి రాయల్ కమిషనే అయినా మనిషిని చూసిన మాట.

ఇప్పుడు ఫ్రీమాంట్. బే ఏరియాలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన ఊరు, మన కూరగాయల దుకాణాలు, మన దోసె హోటళ్ళు ఉన్న ఊరు. 880 పక్కన పెద్ద తెల్ల కట్టడం, ఇప్పుడు టెస్లాది. టెస్లా కన్నా ముందు అక్కడ రెండు జన్మలు గడిచాయి. 1960ల మొదట్లో జనరల్ మోటార్స్ దాన్ని తెరిచింది. ఎనభైల మొదటికల్లా ఆ కంపెనీ ఫ్యాక్టరీలన్నిటిలోకీ చెడ్డపేరు దీనిదే. గైర్హాజరు తరచు ఇరవై శాతం దాటేది. కొన్ని సోమవారాలు లైను మొదలుపెట్టడానికి మనుషులు చాలక, రోడ్డవతల బార్లలో ఉన్నవాళ్ళని పిలుచుకొచ్చేవాళ్ళని చెబుతారు. సెయింట్ మండే అట్లాంటిక్ దాటి కాలిఫోర్నియా దాకా వచ్చిందన్న మాట. కోపమొచ్చినవాళ్ళు కారు తలుపుల్లో సీసాలు పడేసి బిగించేవాళ్ళట, కొన్నవాడు ఆ గలగల ఎక్కణ్ణించి వస్తోందో తెలీక చావాలి. ఏం జరిగినా లైను ఆపకూడదన్నది అక్కడి మొదటి సూత్రం. ఇంజను తలకిందులుగా పెట్టినా సరే, ముందుకి పోనిచ్చి తర్వాత బాగుచెయ్యాలి. 1982 మార్చిలో ఆ ఫ్యాక్టరీని మూసేశారు, వేలమంది వీధిన పడ్డారు.

తర్వాత జనరల్ మోటార్స్, టొయోటా కలిసి అదే చోట న్యూమీ అనే ఉమ్మడి కంపెనీ పెట్టాయి. టొయోటాకి అమెరికాలో కార్లు చెయ్యడం నేర్చుకోవాలని, జీఎంకి చిన్న కారు లాభంగా చెయ్యడం నేర్చుకోవాలని. టాట్సురో టొయోడా మొదటి అధ్యక్షుడు. పాత యూనియన్‌ని, పాత కార్మికుల్ని తీసుకోవాలా అన్న దగ్గర పెద్ద తర్జనభర్జన. మాజీ లేబర్ కార్యదర్శి విలియం యూసరీ మధ్యవర్తిగా ఉండి ఒప్పించాడు. 1984 డిసెంబరులో మొదటి కారు బయటికి వచ్చేసరికి, పనివాళ్ళలో దాదాపు 85 శాతం ఆ పాత ఫ్యాక్టరీవాళ్ళే. సోమవారం బార్లో కూర్చున్నవాళ్ళే.

రెండేళ్ళలో గైర్హాజరు మూడు, నాలుగు శాతానికి వచ్చింది. కార్ల నాణ్యత జపాన్ ఫ్యాక్టరీతో పోటీపడింది. అదే మనుషులు, అదే యూనియన్, దాదాపు అదే కట్టడం. ఏం మారింది?

కొన్ని వందలమందిని జపాన్‌లో టకావోకా ఫ్యాక్టరీకి పంపి పక్కన నిలబెట్టి నేర్పారు. ఎనభైకి పైగా ఉన్న ఉద్యోగ తరగతులను నాలుగైదుకి కుదించారు. అయిదారుగురేసి జట్లు చేశారు. అధికారులకి వేరే పార్కింగు, వేరే భోజనశాల తీసేశారు. అన్నిటికన్నా ముఖ్యం, లైను పక్కన ఒక తాడు వేలాడదీశారు. తప్పు కనబడితే ఎవరైనా లాగవచ్చు. లాగితే జట్టు నాయకుడు పరుగెత్తుకొచ్చి, ఏమైంది, నేనేం సాయం చెయ్యను అని అడుగుతాడు. అప్పటికీ తేలకపోతే లైను ఆగుతుంది. గంటకి వేల డాలర్ల నష్టాన్ని ఒక మామూలు కార్మికుడి చెయ్యి నమ్మి వదలడం పాత జీఎంలో ఊహకందని విషయం. ప్రతి పనికీ ఎన్ని సెకన్లు పట్టాలో తేల్చే స్టాప్‌వాచీ కూడా ఇంజనీర్ల చేతిలోంచి జట్ల చేతికి వచ్చింది. పాల్ ఆడ్లర్ అనే ప్రొఫెసరు ఈ ఫ్యాక్టరీని చాలాకాలం పరిశీలించి 1993లో రాసిన వ్యాసంలో దీన్నే ముఖ్యంగా పట్టుకున్నాడు. కార్మికుల సర్వేల్లో తృప్తిగా ఉన్నామన్నవాళ్ళు 1987లో 76 శాతం ఉంటే 1991కి 90 శాతం అయ్యారు.

అయితే నేను ఆ 76 కన్నా, 90 కన్నా 1988ని నమ్ముతాను. ఆ ఏడాది షెవర్లే నోవా అమ్మకాలు పడిపోయాయి. ఫ్యాక్టరీ సామర్థ్యంలో అరవై శాతం కూడా నడవలేదు. వేరే ఏ ఫ్యాక్టరీ అయినా అరచేతిలో లేఆఫ్ కాగితాలు పెట్టేది. కార్మికుల్ని తీసేసే ముందు అధికారుల జీతాలు తగ్గించడం లాంటివి చేస్తామని ఒప్పందంలో రాసిచ్చింది న్యూమీ. ఎవరినీ తీసెయ్యలేదు. పనిలేనివాళ్ళని శిక్షణకి పంపారు, లైనుని మెరుగుపరిచే పనుల్లో పెట్టారు. కంపెనీ మాట మీద నిలబడుతుందని వాళ్ళకి అప్పుడు తెలిసింది. మనలో 2001లో, 2008లో, మళ్ళీ 2023లో ఆ కాగితాలు చూసినవాళ్ళకి ఇది ఎంత పెద్ద విషయమో వివరించక్కర్లేదు. వీసా గడియారం కూడా పక్కనే టిక్కుటిక్కుమంటుంటే మరీను. అరవై రోజుల గడువు భయంతో సెలవు పెట్టనివాడు, పని మీద ఇష్టంతో సెలవు పెట్టనివాడు మస్టరు రోల్లో ఒక్కలాగే కనబడతారు.

న్యూమీ స్వర్గం కాదు. హాజరు నియమాలు కఠినం. జట్టులో ఒకడు రాకపోతే ఆ పని జట్టు నాయకుడి నెత్తిన, మిగతావాళ్ళ నెత్తిన పడుతుంది కాబట్టి, తోటివాళ్ళ కంటికి భయపడి వచ్చేవాళ్ళూ ఉండేవాళ్ళు. మైక్ పార్కర్, జేన్ స్లాటర్ అనే ఇద్దరు కార్మికోద్యమ రచయితలు 1988లో ఈ పద్ధతికి ‘ఒత్తిడితో పాలించడం’ అని పేరు పెట్టారు. 1993 మోడల్ మొదలుపెట్టినప్పుడు చేతుల నొప్పులు, మణికట్టు గాయాలు ఎక్కువై కాలిఫోర్నియా కార్మిక భద్రతా శాఖ కంపెనీకి నోటీసులు ఇచ్చింది. ఆ విమర్శలో నిజం ఉంది. పాత జీఎంకి వెనక్కి వెళ్దామని మాత్రం ఆ కార్మికుల్లో పెద్దగా ఎవరూ అడిగినట్టు కనబడదు.

జీఎం ఈ పాఠాన్ని దక్షిణ కాలిఫోర్నియాలో తన వాన్ నైస్ ఫ్యాక్టరీకి తీసుకెళ్ళాలని చూసింది. జట్లు పెట్టారు, తరగతులు చెప్పారు. జట్టు పద్ధతి అంటే మన మెడకి ఉరి అని యూనియన్‌లో సగంమంది, లైను ఆగితే మన బోనస్ పోతుందని అధికారులు. 1992లో దాన్ని మూసేశారు. ఇప్పుడు అక్కడ షాపింగ్ సెంటరు ఉంది, దాని పేరు ‘ది ప్లాంట్’. న్యూమీ నుంచి జీఎం 2009లో తప్పుకుంది, 2010 ఏప్రిల్ 1న చివరి కరోలా లైను దిగింది. మే నెలలో టెస్లా ఆ కట్టడాన్ని 42 మిలియన్ డాలర్లకి కొనుక్కుంది.